ఐదు టన్నుల బండి, ఐదు వేల మీటర్ల కనుమ: లద్దాఖ్ దారిలో సైనిక లారీల లెక్క

సైన్యం వాడే అశోక్ లేలాండ్ స్టాలియన్ లారీ కాగితాల్లో బరువు దగ్గర రెండు అంకెలుంటాయి: 5 టన్నులు, 7.5 టన్నులు. మొదటిది దారీతెన్నూ లేని నేల మీద మోయాల్సింది, రెండోది తారురోడ్డు మీద మోయగలిగింది. విజయవాడ హైవే మీద తిరిగే పది టైర్ల లారీ పక్కన నిలబెడితే ఇది చిన్న బండే. ఆ లారీ దీనికి రెండింతలకు పైగా సరుకు ఎత్తుకుపోతుంది, టన్నుకు అయ్యే డీజిల్ ఖర్చు కూడా దానికే తక్కువ. అయినా భారత సైన్యం స్టాలియన్లను 60 వేలకు పైగా తీసుకుంది. ఎందుకో తెలియాలంటే లద్దాఖ్‌కు చలికాలం సరుకు ఎలా చేరుతుందో చూడాలి.

శ్రీనగర్ నుంచి లేహ్‌కు సుమారు 430 కి.మీ. మధ్యలో 3,528 మీటర్ల ఎత్తున జోజీ లా కనుమ. మనాలి వైపు నుంచి వచ్చినా దూరం దాదాపు అంతే, కానీ అటు బారాలాచా లా, లాచుంగ్ లా, తంగ్లంగ్ లా ఒకదాని తర్వాత ఒకటి తగులుతాయి. చివరిది 5,300 మీటర్లు దాటుతుంది. మంచు ముదిరితే రెండు దార్లూ మూతపడతాయి. అందుకే పిండి, బియ్యం, పప్పు, నూనె, కిరోసిన్, డీజిల్, మందుగుండు, గుడారాలు, పొయ్యిలు, అన్నీ వేసవిలోనే పైకి చేరాలి. సైన్యం దీన్ని అడ్వాన్స్ వింటర్ స్టాకింగ్ అంటుంది. చూసేది ఆర్మీ సర్వీస్ కోర్.

ఇక్కడ లారీ సత్తాను కొలిచేది ఒక ట్రిప్పులో ఎత్తిన బరువుతో కాదు, దారి మూసుకునేలోపు తిరిగిన ట్రిప్పులతో. చిన్న లెక్క వేసి చూద్దాం. దారి తెరిచి ఉండేది 180 రోజులనుకుందాం. సరుకు ఎక్కించడం, పైకి పోవడం, దించడం, ఖాళీగా దిగిరావడం, ఒక పూట మరమ్మతు, అంతా కలిపి 6 రోజులు పడితే ఒక్కో బండికి 30 ట్రిప్పులు. 5 టన్నుల చొప్పున 100 బండ్లు 15,000 టన్నులు చేరుస్తాయి. అదే తిరుగుడుకు 7 రోజులు పడితే ట్రిప్పులు 25కి పడిపోతాయి. పోయింది ఒక్క రోజే, తగ్గింది 2,500 టన్నులు. ఎంత బలమైన ఇంజన్ పెట్టినా ఆ రోజు తిరిగి రాదు. అది పోయేది కనుమ ఎక్కేటప్పుడు కాదు, డిపో దగ్గర క్యూలో, చెక్‌పోస్టు దగ్గర, విరిగిన కమాను కట్ట మార్చే చోట.

బండి తాగేదీ లెక్కలోకి రావాలి. 200 లీటర్ల డీజిల్ డ్రమ్ము ఇనుముతో కలిపి 185 కిలోల దాకా తూగుతుంది. 5 టన్నులకు 27 డ్రమ్ములు, అంటే 5,400 లీటర్లు. లీటరుకు 3 కి.మీ. ఇచ్చినా శ్రీనగర్, లేహ్ మధ్య పోనూ రానూ 290 లీటర్లు బండికే పోతాయి. మోసుకెళ్లిన దానిలో ఇరవయ్యో వంతు అన్నమాట, పెద్ద నష్టమేమీ కాదు. కానీ లేహ్ దగ్గర ఆ సరుకు చిన్న బండ్లలోకి మారి, ఇంకో రెండు వందల కి.మీ. లో గేరులో పోవాల్సి వస్తే ఆ వంతు పెరుగుతూ పోతుంది. చిట్టచివరి పోస్టులో వెలిగే పొయ్యిలోని కిరోసిన్‌కు అసలు ధర కంటే రవాణా ఖర్చు ఎన్నో రెట్లు అవడానికి ఇదొక కారణం.

రెండో కారణం సరుకు చేతులు మారడం. లేహ్ దాకా చాలా సరుకును సైన్యం సొంత బండ్లలో తేనే తేదు. అద్దెకు తీసుకున్న సివిల్ లారీలు, చమురు కంపెనీల ట్యాంకర్లు తెస్తాయి. తారు ఉన్నంత దూరం వెనక చక్రాలకు మాత్రమే పట్టుండే మామూలు లారీ చాలు. అక్కడ ఫోర్ బై ఫోర్ బండిని తిప్పడం దాన్ని అరగదీసుకోవడమే. లేహ్ నుంచి ముందుకు స్టాలియన్, అది పోలేని చోట టాటా ఎల్‌పీటీఏ రకం రెండున్నర టన్నుల బండి, ఆ తర్వాత జిప్సీ లాంటి చిన్న బండి, కంచర గాడిద, చివరికి మనిషి వీపు. ప్రతి మార్పు దగ్గరా ఒక పూట పోతుంది, కొన్ని బస్తాలు చిరుగుతాయి, కొన్ని డబ్బాలు కారతాయి. 20 లీటర్ల జెర్రీక్యాన్ ఇన్నేళ్లుగా మారకుండా ఉందంటే అందుకే. కిరోసిన్‌తో నింపితే 20 కిలోలు చిల్లర. ఎత్తైన చోట ఊపిరాడని మనిషి కూడా రెండు చేతులతో ఎత్తగలడు. డ్రమ్ము పొదుపే, కానీ దాన్ని దించడానికి దుంగలో, క్రేనో, నలుగురు మనుషులో కావాలి.

ఎక్కించడంలోనూ పద్ధతి ఉంది. బరువైనవి అడుగున, వెనక ఇరుసుకు కాస్త ముందు. డ్రమ్ములు మూత పైకి ఉండేలా నిలబెట్టి, సందుల్లో చెక్క బిగించాలి. ఘాట్ దిగుతుంటే సరుకంతా క్యాబిన్ వైపు తోసుకొస్తుంది, ఎక్కుతుంటే వెనక తలుపు మీద పడుతుంది. అందుకే తాళ్లు అడ్డంగానే కాదు, నిలువునా పడాలి. కిరోసిన్ డబ్బాలున్న బండిలో గోధుమపిండి వేస్తే ఆ చలికాలమంతా రొట్టెలు కిరోసిన్ వాసనే. గోతం సంచి ఆవిరిని ఆపలేదు.

ఈ బండ్ల వంశం గురించి క్లుప్తంగా. జర్మనీ కంపెనీ ఎం.ఏ.ఎన్. లైసెన్సుతో 1950ల చివర్లో జబల్‌పూర్‌లో మొదలైన శక్తిమాన్ 1990ల దాకా సైన్యానికి వెన్నెముక. 1969లో అక్కడే వెహికల్ ఫ్యాక్టరీ వచ్చింది. నిస్సాన్ వన్ టన్ లారీ, జోంగా జీపు కూడా జబల్‌పూర్‌లో తయారైనవే. ఈ రెండింటిలో ఉన్నది దాదాపు 4 లీటర్ల, ఆరు సిలిండర్ల ఒకే రకం పెట్రోల్ ఇంజన్. విడిభాగాలు ఒకటే కావడం గొప్ప సుఖం, దాహం మాత్రం విపరీతం. పైగా శక్తిమాన్‌కు డీజిల్, వీటికి పెట్రోల్ అని ప్రతి శిబిరంలో రెండు రకాల నిల్వలు పెట్టాల్సి వచ్చేది. తర్వాత అదే ఫ్యాక్టరీ స్టాలియన్‌నూ, ఎల్‌పీటీఏనూ లైసెన్సు మీద కట్టింది. 2021 అక్టోబరు 1 నుంచి అది ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ లిమిటెడ్ కింద ఉంది.

సైన్యం లెక్కలో ఇవన్నీ బి వెహికల్స్. కవచం ఉండి పోరాడేవి ఎ, డోజర్ల లాంటి ఇంజనీరింగ్ యంత్రాలు సి. నంబరు ప్లేటు మీద మొదట పైకి చూసే బాణం గుర్తు, దాని తర్వాత బండి సైన్యంలోకి వచ్చిన సంవత్సరం తాలూకు రెండంకెలు ఉంటాయి. ముందు వైపు పసుపు గుండ్రంలో నల్లటి అంకె ఇంకొకటి ఉంటుంది. అది వంతెన తరగతి. ఇనుప ముక్కలు జోడించి కట్టే బెయిలీ వంతెన మొదట్లో 18 అనో 24 అనో రాసి ఉంటే, బండి మీది అంకె అంతకు మించకూడదు. ఆ అంకె టన్నులకు దగ్గరగా ఉంటుంది గానీ టన్నులే కావు. ఇరుసుల మధ్య దూరం, ఒక్కో ఇరుసు మీద పడే బరువు కూడా అందులో కలిసి ఉంటాయి. ఈ అంకెను పట్టించుకోకపోయినా, ముందు బండి దిగకుండానే వెనకది ఎక్కినా ప్రమాదమే.

ఫోర్ బై ఫోర్ అనగానే ఎక్కడికైనా పోయే బండి అనుకుంటారు. లోపల జరిగేది వేరు. గేర్ బాక్స్ తర్వాత ట్రాన్స్‌ఫర్ కేస్ అని ఇంకో పెట్టె ఉంటుంది. బలాన్ని ముందు ఇరుసుకూ పంపడం, లో రేంజి ఇవ్వడం దాని పని. ముందు ఇరుసును అవసరమైనప్పుడే కలిపే రకం బండ్లలో, కలిపాక ముందు, వెనక ఇరుసులు ఒకే వేగంతో తిరగాల్సిందే. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి కాబట్టి ఆ తేడా ఎక్కడో ఒకచోట జారి సర్దుకోవాలి. మట్టి మీద, మంచు మీద టైరు జారి సర్దుకుంటుంది. పొడి తారు మీద జారదు. షాఫ్టులు మెలి తిరిగి బిగుసుకుంటాయి, లివర్ వెనక్కి రాదు, బలవంతం చేస్తే పళ్లు ఊడతాయి. కాబట్టి తారు రాగానే ముందు ఇరుసును విడదీయాలి. బిగుసుకుపోతే కొన్ని మీటర్లు రివర్సులో పోనిస్తే మెలిక వదులుతుంది. లో రేంజి వేయాలంటే బండి ఆగి ఉండాలి. ఇరుసుకు రెండు వైపులా ఉన్న చక్రాలను కలిపి తిప్పే డిఫరెన్షియల్ లాక్‌ను బురదలోకి దిగక ముందే వేయాలి. చక్రం గిర్రున తిరుగుతుండగా వేస్తే ఇరుసే విరగవచ్చు. గట్టి నేల తగలగానే, మలుపు తిప్పక ముందే తీసేయాలి.

ఈ తరహా బండ్లకు వెనక ఒక్కో వైపు ఒకటే చక్రం ఉంటుంది. సివిల్ లారీల్లో జంట టైర్ల మధ్య రాయి ఇరుక్కుంటుంది, ముందు చక్రాలు నొక్కిన గాడి వెనక వాటికి సరిపోదు. ఒంటి చక్రమైతే ముందుది వేసిన గాడిలోనే వెనకది నడుస్తుంది, ఇసుకలో, మంచులో ఈడ్పు తగ్గుతుంది. దానికి చెల్లించే మూల్యం బరువు. 5 టన్నుల దగ్గర ఆగిపోవడానికి ఒక కారణం ఇదే.

అసలు పరీక్ష ఎత్తు, చలి కలిసినప్పుడు. 5,300 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గరున్న దానిలో దాదాపు సగం. గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే టర్బో లేని ఇంజన్ ప్రతి వెయ్యి మీటర్లకు తన బలంలో సుమారు పదో వంతు పోగొట్టుకుంటుంది. తంగ్లంగ్ లా మీద సగం ఇంజన్‌తో పూర్తి బరువును లాగుతుందన్నమాట. టర్బో చాలావరకు ఆదుకుంటుంది, కానీ ఇంజన్ వేగంగా తిరుగుతున్నప్పుడే. హెయిర్‌పిన్ మలుపులో ఆగి మళ్లీ కదిలేటప్పుడు టర్బోలో గాలి ఉండదు. అనుభవం లేని డ్రైవరు ఎక్సలేటరు తొక్కి, సగం క్లచ్ మీద నెట్టుకొస్తాడు. నల్ల పొగ, కాలిన వాసన, ఆ రోజుకు క్లచ్ ప్లేటు అయిపోయినట్టే. మలుపుకు ముందే ఆపి లో రేంజిలో కదిలితే ఈ గొడవే లేదు.

చలిలో డీజిల్ సంగతి తెలిసిందే: అందులోని మైనం పేరుకుంటుంది. ముందు డీజిల్ మసకబారుతుంది, ఆ మైనపు రేణువులు ఫిల్టర్‌ను మూసేస్తాయి, ఆ తర్వాత గానీ డీజిల్ మొత్తంగా కదలకుండా గట్టిపడదు. అంటే ట్యాంకులో ద్రవంగానే కనిపిస్తున్నా ఇంజన్ ఆగిపోవచ్చు. స్టార్టయి పది నిమిషాలు నడిచి ఆగిపోయిన బండిలో మొదట అనుమానించాల్సింది ఫిల్టర్‌నే. పాత చిట్కా కిరోసిన్ కలపడం. పని చేస్తుంది గానీ కిరోసిన్‌కు జిడ్డు తక్కువ. ఇంజెక్షన్ పంపు ఆ జిడ్డు మీదే బతుకుతుంది కాబట్టి మోతాదు మించితే చలికాలం చివర పంపు పోతుంది. మైనస్ 33 డిగ్రీల దాకా గట్టిపడని వింటర్ డీజిల్‌ను 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ లద్దాఖ్ కోసం తెచ్చింది. అక్కడా ఒక మెలిక ఉంది: కింద మైదానంలో మామూలు డీజిల్ పోసుకొచ్చిన బండి పైన వింటర్ డీజిల్‌తో ట్యాంకు నింపినా, లోపల ఉన్నది మిశ్రమమే. పైకి చేరేసరికి పాతది వీలైనంత తగ్గేలా చూసుకోవాలి.

కూలెంట్ దగ్గర జరిగే పొరపాటు ఇంకా చిన్నది, నష్టం ఇంకా పెద్దది. నీళ్లు, ఇథిలీన్ గ్లైకాల్ సగం సగం కలిపితే మైనస్ 37 దాకా గడ్డకట్టదు. దారిలో హోస్ కారిందని జోజీ లాకు ముందు సోన్‌మార్గ్ దగ్గర వాగు నీళ్లు పోస్తారు. గ్లైకాల్ మూడో వంతుకు తగ్గితే మైనస్ 17 చుట్టుపక్కలే గడ్డకడుతుంది. కనుమ దాటాక వచ్చే ద్రాస్‌లో చలి అంతకంటే ఎంతో కిందికి పోతుంది. రాత్రి ఆపిన బండి తెల్లారేసరికి ఇంజన్ బ్లాకు పగిలి ఉంటుంది. అలాగని గ్లైకాల్ చిక్కగా పోస్తే మంచిదా అంటే అదీ కాదు: నీరు కలపని గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. కాబట్టి బండిలో సగం సగం కలిపి పెట్టిన డబ్బా ఒకటి విడిగా ఉండాలి, దారిలో అదే పోయాలి. ఇక రేడియేటర్ మూత. 5,300 మీటర్ల ఎత్తులో నీరు 83 డిగ్రీల లోపే మరుగుతుంది. మూత బిగుతుగా ఉండి లోపల ఒత్తిడి నిలిపినంతసేపే కూలెంట్ మరగకుండా ఉంటుంది. మూత కింది రబ్బరు చిరిగితే, బయట మంచు పడుతుండగానే రేడియేటర్ పొంగుతుంది. ఆ రబ్బరు విలువ చాలా తక్కువ. దానివల్ల కనుమ మీద ఆగిపోయిన బండి వెనక మొత్తం కాన్వాయ్ నిలబడుతుంది.

బ్యాటరీ మైనస్ 18 దగ్గర తన బలంలో సగం దాకా పోగొట్టుకుంటుంది. అదే సమయంలో చిక్కబడ్డ ఆయిల్ వల్ల ఇంజన్ తిప్పడానికి రెట్టింపు బలం కావాలి. పూర్తి ఛార్జి ఉన్న బ్యాటరీ మైనస్ 50 దాకా గడ్డకట్టదు. ఛార్జి దిగిపోయినది మైనస్ 10 చుట్టుపక్కలే గడ్డకట్టి డొక్క పగులుతుంది. కాబట్టి సాయంత్రం సెల్ఫ్ నీరసంగా తిరిగిన బండిని తెల్లవారి చూద్దాంలే అని వదిలేయకూడదు. ఆయిల్ డబ్బా మీద 15డబ్ల్యూ అని ఉంటే మైనస్ 20, 25 దాకా పంపు దాన్ని పీల్చగలదు. అంతకు దిగువన 5డబ్ల్యూ రకమే కావాలి. స్టార్టయిన వెంటనే రేజ్ చేస్తే టర్బో బేరింగుకు ఆయిల్ అందకముందే అది వేల చుట్లు తిరిగేస్తుంది. మూడు నుంచి ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచాలి, ఆపేముందు కూడా అంతే.

రాత్రంతా రెండు గంటలకోసారి ఇంజన్ స్టార్ట్ చేసి ఉంచే అలవాటు పాతది. నమ్మకమైనదే, కానీ ఖరీదైనది. వేడెక్కని సిలిండర్లలో డీజిల్ సరిగా కాలదు. కాలనిది గోడల వెంట దిగి ఆయిల్‌ను పల్చన చేస్తుంది. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్ కింద స్టవ్ పెట్టి ఆయిల్ వేడి చేయడం ఇంకా ప్రమాదం. కారిన డీజిల్ చుక్క చాలు. కూలెంట్‌ను వేడి చేసే హీటరు బిగించడమే సరైన మార్గం. కొత్త తరం ఉద్గార నిబంధనల ఇంజన్లతో మరో చిక్కు వచ్చి పడింది: వాటికి పోసే యూరియా ద్రావణం మైనస్ 11 దగ్గర గడ్డకడుతుంది. ట్యాంకుకు, గొట్టాలకు కూడా వేడి ఏర్పాటు కావాలి. చెడిపోయే వస్తువుల జాబితా పెరిగింది.

టైర్ల గాలి విషయంలో ఎత్తు ఒకవైపు, చలి ఇంకోవైపు లాగుతాయి. మైదానంలో 20 డిగ్రీల దగ్గర 6 బార్ పట్టిన టైరు, 5,300 మీటర్ల ఎత్తులో మైనస్ 20కి చేరితే: చలి ఒక బార్ తగ్గిస్తుంది, పల్చటి గాలి అర బార్ పెంచి చూపిస్తుంది. గేజిలో కనిపించేది సుమారు 5.5. తక్కువైందని పైన నింపి, కింద వేడి లోయలోకి దిగితే టైరు ఉబ్బిపోతుంది. అందుకే గాలి లెక్క రోజూ పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు, బండి ఆ రోజు ఎక్కడికి పోతుందో చూసుకుని తేల్చాలి.

గాలి ఒత్తిడితో పనిచేసే ఈ బండ్ల బ్రేకుల్లో శత్రువు నీరు. కంప్రెసర్ పీల్చిన గాలిలోని తేమ ట్యాంకుల్లో నీరుగా దిగుతుంది. రాత్రి వాల్వుల్లో గడ్డకడుతుంది. పొద్దున్నే బ్రేకు పట్టదు, లేదా పట్టింది వదలదు. మందు సులువు: సాయంత్రం బండి వేడిగా ఉండగానే ట్యాంకుల అడుగున ఉన్న వాల్వులు లాగి నీరు వదిలేయడం. తడిసిన లైనర్లతో హ్యాండ్ బ్రేకు వేసి పడుకుంటే అవి డ్రమ్ముకు అతుక్కుపోతాయి. కాబట్టి గేరులో ఉంచి, చక్రాలకు చెక్క దిమ్మలు పెట్టడం మేలు. పైగా పల్చటి గాలిలో కంప్రెసర్ ట్యాంకు నింపడానికి దాదాపు రెట్టింపు సమయం తీసుకుంటుంది. దిగుడులో పదేపదే బ్రేకు తొక్కితే గాలి ఖర్చు రాబడిని మించుతుంది. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగమనే ఘాట్ రోడ్డు సూత్రం ఇక్కడ రెట్టింపు నిజం. పొగ గొట్టాన్ని మూసి ఇంజన్‌తోనే బండిని నెమ్మదింపజేసే ఎగ్జాస్ట్ బ్రేకు పొడి రోడ్డు మీద దేవుడే. గాజులాంటి మంచు మీద మాత్రం వెనక చక్రాలను బిగబట్టి బండిని పక్కకు తిప్పేస్తుంది.

గొలుసులు మంచు మొదలవక ముందు చదును చోట కట్టాలి. ఒక్క జతే ఉంటే వెనక చక్రాలకు కడతారు; ఎక్కడానికి అది సరిపోతుంది గానీ, దిగేటప్పుడు ముందు చక్రాలు స్టీరింగ్ మాట వినవు. దిగుడుకు నాలుగింటికీ ఉండాలి. కట్టాక ఒక కి.మీ. పోయి మళ్లీ బిగించాలి. పొడి తారు మీద అలాగే పోతే లింకు తెగి, వేలాడే ముక్క బ్రేకు పైపును కొడుతుంది.

బండి కదిలేముందు చేసే తనిఖీకి సైన్యంలో ఫస్ట్ పరేడ్ అని పేరు, దారిలో ఆగినప్పుడు హాల్ట్ పరేడ్, చివర లాస్ట్ పరేడ్. డిప్‌స్టిక్, కూలెంట్, బెల్టు, చక్రం నట్లు, కమాను కట్టలను ఇరుసుకు బిగించే యూ బోల్టులు, గాలి ఒత్తిడి, కింద కారిన మరకలు, తాళ్ల బిగువు. వీటిలో ఎక్కువ లాభం ఇచ్చేది హాల్ట్ పరేడే. చేత్తో హబ్బు తాకి చూస్తే చాలు: మిగతా మూడింటి కంటే వేడిగా ఉన్న హబ్బులో బ్రేకు పట్టేసి ఉందో, బేరింగు పోతోందో. గుంతల దారిలో ముందుగా వదులయ్యేది యూ బోల్టు. అది వదులైతే సెంటర్ బోల్టు తెగుతుంది, ఇరుసు పక్కకు జరుగుతుంది, బండి వంకరగా నడుస్తుంది. కమాను పట్టీ విరిగిన తర్వాత కనిపెట్టేవారు చాలామంది. యూ బోల్టు దగ్గర తుప్పు రంగు పొడి రాలుతున్నప్పుడే కనిపెట్టేవాడే మంచి డ్రైవరు.

కాన్వాయ్‌లో అందరికంటే నెమ్మదైన, బరువైన బండి ముందుండాలి. ముందు బండి 20 కి.మీ. వేగంతో పోతుంటే, మలుపుల దగ్గర ఏర్పడే ఎడం పూడ్చడానికి చివరి బండి 40లో తరమాల్సి వస్తుంది. ప్రమాదాలు తోక దగ్గరే ఎక్కువ. అందుకే పొడుగు కాన్వాయ్‌ని చిన్న గుంపులుగా విడగొట్టి, మధ్యలో ఎడం పెట్టి వదులుతారు. చివర ఫిట్టర్లు, రికవరీ బండి. జారి దిగబడ్డ లారీని వించితో లాగేటప్పుడు పుల్లీ బ్లాకు ఒకటి మధ్యలో వేస్తే వేగం సగమై, లాగే బలం రెట్టింపవుతుంది. ఇనుప తాడు బిగిసి ఉండగా దాని సూటిలో ఎవరూ నిలబడకూడదు, తాడు మీద ఒక టార్పాలిన్ వేసి ఉంచాలి. తెగితే ఆ బరువే దాని విసురును చంపుతుంది.

మరమ్మతు బాధ్యత ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్) కోర్‌ది. యూనిట్‌తోపాటు తిరిగే చిన్న దళం లైట్ ఎయిడ్ డిటాచ్‌మెంట్. దానిపైన ఫీల్డ్ వర్క్‌షాపులు. ఇంజన్ మొత్తం విప్పి కట్టేవి బేస్ వర్క్‌షాపులు. ఈఎంఈ కోర్ ప్రధాన శిక్షణ కళాశాల సికింద్రాబాద్‌లోనే ఉంది; విడిభాగాలు నిల్వచేసి అందించే ఆర్డ్‌నెన్స్ కోర్ శిక్షణ కేంద్రమూ అక్కడిదే. ఈ అంచెల్లో ముందున్న సూత్రం ఒక్కటే: ముందు వరసలో బాగుచేయొద్దు, మార్చు. పాడైన ఆల్టర్నేటర్‌ను ద్రాస్‌లో విప్పి కూర్చునే కన్నా మంచిది బిగించి బండిని పంపేయాలి, పాడైనది కిందికి పోతుంది. ఇది సాగాలంటే బండ్ల రకాలు తక్కువ ఉండాలి. టెండరు పిలిచిన ప్రతిసారీ అందరికంటే తక్కువ ధర చెప్పిన కొత్త కంపెనీ బండి కొంటూ పోతే, కొనుగోలులో మిగిలిన డబ్బు పది రకాల ఫిల్టర్లు, పది రకాల బెల్టుల నిల్వలో పోతుంది. సివిల్ రవాణా కంపెనీ యజమానికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. సైనిక కొనుగోళ్లలో ఇది ఇప్పటికీ బలహీనమైన చోటే.

చిన్న బండ్లలో ఇది ఇంకా బాగా కనబడుతుంది. మారుతి జిప్సీ 500 కిలోల తరగతి బండి. 1990ల మొదట్లో వచ్చి, 30 వేలకు మించి చేరింది. ఏసీ లేదు, సుఖం లేదు, పెట్రోల్. అయినా బండి తేలిక కాబట్టి దిగబడితే నలుగురు జవాన్లు నెట్టి బయటపడేస్తారు. పెట్రోల్ ఇంజన్ కాబట్టి చలిలో స్టార్టవడానికి మొరాయించదు. దాని తర్వాత 800 కిలోల తరగతికి 2017లో 3,192 టాటా సఫారీ స్టార్మ్‌లు, తర్వాత మహీంద్రా స్కార్పియోలు, 2025లో సైన్యానికి, వైమానిక దళానికి కలిపి 2,978 ఫోర్స్ గూర్ఖాలు ఆర్డరయ్యాయి. అన్నీ డీజిలే కాబట్టి ఇంధనం ఒకటైంది. బరువు మాత్రం బాగా పెరిగింది, విడిభాగాల జాబితాలు మూడయ్యాయి.

పెద్ద వైపున ప్రభుత్వ సంస్థ బీఈఎంఎల్ కట్టిన చెక్ టాట్రా బండ్లు. 1986 ఒప్పందంతో వచ్చినవి. పినాక రాకెట్లు, లారీ మీద నుంచే పరిచే సర్వత్ర వంతెనలు మోసేవి ఇవే. మామూలు లారీకి ఉండే నిచ్చెన చాసిస్ బదులు మధ్యలో ఒక లావు గొట్టం, దాని లోపలే డ్రైవ్ షాఫ్టు, ఇరువైపులా విడివిడిగా ఊగే అర ఇరుసులు. నేల ఎంత ఎగుడుదిగుడైనా చాసిస్ మెలి తిరగదు. ఇంజన్‌కు గాలితోనే చల్లదనం, కాబట్టి కూలెంట్ గడ్డకట్టే బెడదే లేదు. స్టీరింగ్ ఎడమవైపు; మన ఘాట్‌లో ఎదురు బండిని దాటేయాలంటే పక్కనున్నవాడి కళ్ల మీద ఆధారపడాలి.

దారులు మారుతున్నాయి. చైనా సరిహద్దు దగ్గరి దౌలత్ బేగ్ ఓల్డీకి పోయే 255 కి.మీ. రోడ్డు మీద ష్యోక్ నది దగ్గర 2019 అక్టోబరులో తెరిచిన కర్నల్ ఛెవాంగ్ రించెన్ వంతెన 70వ తరగతిది. అంతకుముందు వేసవిలో మంచు కరిగి నది పొంగితే, రవాణాకు అనువైన కాలంలోనే దారి తెగేది. 2020లో 9.02 కి.మీ. అటల్ సొరంగం మనాలి దారిలోని రోహ్‌తాంగ్ కనుమను తప్పించింది. 2025 జనవరిలో సోన్‌మార్గ్ సొరంగం తెరుచుకుంది. జోజీ లా 2025లో మూతపడింది 32 రోజులే. ఆ కనుమ కింద సొరంగాన్ని హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్ తవ్వుతోంది. కాశ్మీర్ లోయకు రైలు 2025 జూన్‌లో కలిసింది. అదే ఏడాది చలికాలం నిల్వలు రైల్లో అనంతనాగ్ దాకా వచ్చాయి.

వీటితో ముందు పెరిగేది లేహ్ దాకా వచ్చే సివిల్ లారీల ట్రిప్పులు. లేహ్ దాటాక పని తగ్గదు సరికదా, దించే సరుకు ఏడాది పొడవునా వస్తుంటే అక్కడి గోదాములకు, రెండున్నర టన్నుల బండ్లకు, వాటి ఫిట్టర్లకు చలికాలం సెలవంటూ ఉండదు. ఇన్నాళ్లూ డిసెంబరు నుంచి మార్చి వరకు షెడ్డులో ఓవర్‌హాల్‌కు దొరికే బండి ఇక దొరకదు. కొత్తగా ఎన్ని బండ్లు కొనాలన్న దానికంటే, ఒక్కో పోస్టుకు ఎన్ని అదనపు ఇంజన్లు, గేర్ బాక్సులు, కమాను కట్టలు ముందే పైకి చేర్చి ఉంచాలన్నది ఇప్పుడు వేసుకోవాల్సిన లెక్క.